పత్తి చేలో డార్విన్: గులాబీ రంగు పురుగు బీటీని ఎలా దాటింది

క్లుప్తంగా చెప్పాలంటే, బీటీ పత్తి (పురుగుని చంపే బ్యాక్టీరియా జీన్ ఎక్కించిన పత్తి) తిని చావాల్సిన గులాబీ రంగు పురుగు ఇప్పుడు అదే పత్తి కాయలో బతికి పెరుగుతోంది. "పురుగు మందుకి అలవాటు పడిపోయింది" అని ఊళ్లల్లో అంటుంటారు గానీ, నిజానికి ఏ ఒక్క పురుగూ మారలేదు, మారింది పురుగుల జనాభా. జీన్లలో ముందు నుంచే ఉన్న తేడాల్లోంచి బీటీ కొన్నిటిని మాత్రమే మిగల్చడం వల్ల ఇలా జరిగింది. ఇదే పురుగు అమెరికాలో మాయమైంది, చైనాలో తగ్గింది, మన దగ్గర గెలిచింది. జీన్ల లెక్క, సాగు పద్ధతి రెండూ కలిపి చూస్తే ఎందుకో తెలుస్తుంది.

ముందు కథ

పత్తి రైతుకి పురుగు మొండికేయడం కొత్తేమీ కాదు. 1980లలో సైపర్‌మెత్రిన్, ఫెన్‌వలరేట్ లాంటి సింథటిక్ పైరెత్రాయిడ్ మందులు వచ్చాయి, మొదట్లో బాగానే పనిచేశాయి, తర్వాత పిచికారీలు పెరిగాయి, ఆ తర్వాత రెండు మూడు మందులు కలిపి కొట్టినా శనగపచ్చ పురుగు లెక్కచేయని స్థితి వచ్చింది. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి దెబ్బతిని అప్పుల్లో మునిగిన రైతుల ఆత్మహత్యలు దేశమంతా వార్త అయ్యాయి. అప్పట్లో అక్కడి పురుగుల్ని పట్టుకెళ్లి పరీక్షిస్తే పైరెత్రాయిడ్లకి రెసిస్టెన్స్, అంటే మందుని తట్టుకునే గుణం, ఉందని తేలింది.

2002 మార్చిలో కేంద్రం బీటీ పత్తికి పర్మిషన్ ఇచ్చినప్పుడు దాన్ని ఈ బాధకి విరుగుడుగానే చూశారు. బాసిల్లస్ తురింజెన్సిస్ అనే బ్యాక్టీరియా నేలలో ఉంటుంది, దాని జీన్ ఒకటి పత్తిలోకి ఎక్కించారు, దాంతో మొక్కే క్రై1ఏసీ అనే ప్రోటీన్ తయారుచేసుకుంటుంది, కాయతొలుచు పురుగు మొక్కని కొరికితే ఆ ప్రోటీన్ కూడా కడుపులోకి పోతుంది. 2006లో క్రై2ఏబీ అనే రెండో ప్రోటీన్ కూడా కలిపి బోల్‌గార్డ్-2 వచ్చింది. కొన్నేళ్లు పిచికారీలు బాగా తగ్గాయి, అందులో సందేహం లేదు.

ఈలోగా గుజరాత్‌లో తేడా కొట్టింది. అక్కడ 2001లోనే, అంటే పర్మిషన్ రాకముందే, బీటీ విత్తనం చేలల్లో బయటపడింది, కాబట్టి అక్కడి పురుగుకి బీటీతో పరిచయం కాస్త ముందే మొదలైంది. 2008లో అమ్రేలి నుంచి సేకరించిన గులాబీ రంగు పురుగుల్లో క్రై1ఏసీని తట్టుకునేవి కనిపించాయి, 2010లో టెక్నాలజీ అమ్మిన కంపెనీయే గుజరాత్‌లో రెసిస్టెన్స్ ఉందని ఒప్పుకుంది. 2014-15 సీజన్‌కి బోల్‌గార్డ్-2 చేలల్లో కూడా పురుగు కనపడింది, 2017 వచ్చేసరికి మహారాష్ట్ర, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రైతులు విచ్చుకోని గుడ్డిపూలు, లోపల పురుగు తినేసిన కాయలు చేతిలో పట్టుకుని ఇదేంటని అడిగే పరిస్థితి.

"అలవాటు" అనే మాటలో ఇబ్బంది

ఒక పురుగు రోజూ కొంచెం కొంచెం విషం తిని ఒళ్లు గట్టిచేసుకుని, ఆ గట్టిదనాన్ని పిల్లలకి ఇచ్చింది అని చాలామంది ఊహ. వినడానికి సబబుగానే ఉంటుంది, డార్విన్ కంటే ముందు లామార్క్ చెప్పింది కూడా దాదాపు ఇలాంటిదే. కానీ చేలో జరిగేదాన్ని చూస్తే ఈ కథ కుదరదు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల పురుగు కాయలోకి దూరి కొరుకుతుంది, బీటీ ప్రోటీన్ దాని పేగులో కరిగి, ముక్కై, పేగు గోడ మీదున్న క్యాడ్‌హెరిన్ అనే ప్రోటీన్‌ని పట్టుకుంటుంది, ఆ తర్వాత పేగు కణాలకి చిల్లులు పడి పురుగు తిండి మానేసి చస్తుంది. మామూలు పురుగుకి అక్కడితో కథ అయిపోయినట్టే, అలవాటు పడేంత టైమ్ ఎక్కడుంది?

బతికిన పురుగు ఎందుకు బతికిందంటే దాని పేగులో ఆ క్యాడ్‌హెరిన్ వేరేగా ఉంది. బీటీ ప్రోటీన్ అతుక్కోవడానికి సరైన చోటు దొరక్క బయటికి పోయింది. ఆ తేడా పురుగు పుట్టకముందే, తల్లిదండ్రుల నుంచి వచ్చిన జీన్లలోనే ఉంది. బీటీ చేసింది జల్లెడ పని, అంతే: ఉన్నవాటిలో కొన్నిటిని ఆపేసింది, కొన్నిటిని వదిలింది.

తేడా ముందే ఉంటుందా లేక విషం తగిలాక పుడుతుందా అనే ప్రశ్నకి 1943లో లూరియా, డెల్బ్రూక్ అనే ఇద్దరు బ్యాక్టీరియాతో జవాబు చెప్పారు. చాలా ట్యూబుల్లో విడివిడిగా బ్యాక్టీరియాని పెంచి, తర్వాత అన్నిటి మీదా వాటిని చంపే వైరస్‌ని వదిలారు. వైరస్ తగలడం వల్లే తట్టుకునే గుణం పుట్టేదైతే ప్రతి ట్యూబులోనూ ఇంచుమించు ఒకే లెక్కలో బతకాలి. కానీ కొన్నిట్లో ఒక్కటీ మిగల్లేదు, కొన్నిట్లో వందల్లో మిగిలాయి. అంటే ఆ మ్యుటేషన్ (జీన్‌లో మార్పు) వైరస్ రాకముందే, ఒక్కో ట్యూబులో ఒక్కో టైమ్‌లో, గుడ్డిగా జరిగింది, ముందు జరిగిన చోట సంతానం ఎక్కువైంది. ఇంత సులువైన ప్రయోగం ఇంత పెద్ద ప్రశ్నని తేల్చడం సైన్స్‌లో తరచూ జరగదు.

2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్స్ పుస్తకం నుంచి జీవ పరిణామం పాఠాన్ని తీసేస్తే 1,800 మందికి పైగా సైంటిస్టులు, టీచర్లు బహిరంగ లేఖ రాశారు. అప్పుడు నడిచిన చర్చ ఎక్కువగా కోతి నుంచి మనిషి అనే చోటే తిరిగింది, పత్తి చేను దాకా రాలేదు. ఆ పాఠం రోజువారీగా అవసరమయ్యేది మాత్రం పత్తి చేలోనే.

తేడాలు ఎక్కణ్ణుంచి వస్తాయి

1859లో డార్విన్ పుస్తకం వచ్చేనాటికి తేడాలు ఉంటాయని తెలుసు, వారసత్వంగా వస్తాయని తెలుసు, ఎలా వస్తాయో మాత్రం ఆయనకి తెలీదు. మెండెల్ బఠానీల లెక్క 1866లో అచ్చయినా చాలా ఏళ్లు ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడైతే సంగతి స్పష్టం. కణం రెండుగా చీలేటప్పుడు డీఎన్‌ఏ కాపీ అవుతుంది, ఎప్పుడో ఒకసారి కాపీలో తప్పు పడుతుంది, ఒక అక్షరం మారొచ్చు, ఒక ముక్క ఎగిరిపోవచ్చు, ఎక్కడిదో ముక్క వచ్చి మధ్యలో ఇరుక్కోవచ్చు. ఎక్కువ తప్పుల వల్ల ఏమీ కాదు, కొన్ని హాని చేస్తాయి, బహు కొద్ది మాత్రం ఒకానొక పరిస్థితిలో పనికొస్తాయి. దీనికి తోడు ఆడ మగ కలిసినప్పుడు రెండు వైపుల జీన్లూ కొత్త కొత్త జతలుగా కలుస్తాయి.

గులాబీ రంగు పురుగులో ఇది కళ్లకి కట్టినట్టు కనపడుతుంది. అమెరికాలోని అరిజోనా ల్యాబుల్లో సెలెక్ట్ చేసిన రెసిస్టెంట్ పురుగుల్లో క్యాడ్‌హెరిన్ జీన్ దెబ్బతిని ఉంది. భారతదేశపు చేలల్లోంచి తెచ్చిన రెసిస్టెంట్ పురుగుల్లోనూ దెబ్బతిన్నది అదే జీన్, కానీ దెబ్బ తిన్న తీరు వేరు, ఇక్కడి పురుగులు ఆ జీన్‌ని చదివేటప్పుడు ముక్కల్ని రకరకాలుగా అతికించి రకరకాల పాడైన ప్రోటీన్లు తయారుచేస్తున్నాయి. రెండో టాక్సిన్ (విషపు ప్రోటీన్) క్రై2ఏబీ విషయంలో ఇంకో జీన్, ఏబీసీఏ2 అనేది, పాడైన పురుగులు గెలిచాయి. పాడవడమే లాభం అవ్వడం విచిత్రంగా అనిపిస్తుంది గానీ సెలెక్షన్‌కి మంచి చెడు తెలీదు, ఈ చేలో ఈ సీజన్‌లో ఎవరి పిల్లలు ఎక్కువ మిగిలారు అన్నదొక్కటే లెక్క. బీటీ లేని పత్తి మీద పెంచినప్పుడు ఇలాంటి అరిజోనా పురుగులు మామూలు వాటికంటే వెనకబడ్డాయి కూడా.

అసలు లెక్క

ఇక్కడ కాస్త అంకెలు అవసరం, ఊహకి ఒక ఉదాహరణ తీసుకుందాం. పురుగులో ప్రతి జీన్‌కీ మామూలుగా రెండు కాపీలుంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. తట్టుకునే జీన్ కాపీ వెయ్యిలో ఒకటి ఉందనుకుంటే, రెండు కాపీలూ అదే ఉన్న పురుగు పది లక్షల్లో ఒకటి. ఒక కాపీ మాత్రమే ఉన్నవి అదే పది లక్షల్లో సుమారు రెండు వేలు. అంటే రెండు కాపీల పురుగు ఒక్కటుంటే, ఒంటి కాపీ పురుగులు రెండు వేలున్నాయి, జీన్ అంతా దాక్కుని ఉన్నది వీటిలోనే.

బీటీ మోతాదు బాగా ఎక్కువుంటే ఒంటి కాపీ పురుగులు చచ్చిపోతాయి, ఎందుకంటే మిగిలిన మంచి కాపీ వల్ల పేగులో టాక్సిన్ అతుక్కునే చోటు ఇంకా ఉంది. బతికేది ఆ పది లక్షల్లో ఒక్కటే. ఇప్పుడు అది రెక్కల పురుగై జత కోసం ఎగిరినప్పుడు పక్కన ఎవరున్నారు అన్న దాని మీదే మొత్తం ఆధారపడి ఉంది. చుట్టూ అంతా బీటీ పత్తే అయితే దానికి దొరికేది తనలాగే బతికిన ఇంకొకటి, వాటి పిల్లలందరికీ రెండు కాపీలూ తట్టుకునేవే. పక్కన నాన్ బీటీ పత్తి ఉండి, అందులోంచి మామూలు పురుగులు వందల్లో ఎగురుతుంటే, బతికిన ఆ ఒక్కటి దాదాపు ఖాయంగా మామూలుదానితోనే జత కడుతుంది, పిల్లలందరూ ఒంటి కాపీ వాళ్లు, బీటీ కాయ కొరికిన రోజే చస్తారు.

రెఫ్యూజీ అనే ఏర్పాటు వెనకున్న లెక్క ఇదే. 450 గ్రాముల బీటీ ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల నాన్ బీటీ విత్తనం ఇచ్చింది చేను చుట్టూ ఐదు వరసలు లేదా ఇరవై శాతం, ఏది ఎక్కువైతే అది, వెయ్యమని. పురుగుని కావాలని పెంచమని చెప్పడమే కదా అది, రైతుకి నచ్చకపోవడంలో ఆశ్చర్యం ఏముంది, చాలా ప్యాకెట్లు చేను దాకా రానేలేదు. కొందరు గట్ల మీద కంది వేశారు, అది శనగపచ్చ పురుగుకి పనికొస్తుంది గానీ గులాబీ రంగు పురుగు దాదాపుగా పత్తి మీదే బతుకుతుంది, కంది వల్ల దానికి మామూలు పురుగులేవీ తయారవ్వవు.

రెండు టాక్సిన్ల ఆలోచన కూడా లెక్క ప్రకారం బలమైనదే. ఒకదాన్ని తట్టుకునేది పది లక్షల్లో ఒకటి, రెండోదాన్ని తట్టుకునేది ఇంకో పది లక్షల్లో ఒకటి అయితే, రెండిటినీ తట్టుకునేది లక్ష కోట్లలో ఒకటి. కానీ రెండూ ఒకేసారి కొత్తగా ఎదురైతేనే ఈ గుణకారం పనిచేస్తుంది. మన దగ్గర ఒంటి టాక్సిన్ పత్తి ముందు వచ్చింది, రెండోది వచ్చాక కూడా పాతది చేలల్లోనే ఉంది, పురుగు మొదటిదాన్ని విడిగా దాటేసి తీరిగ్గా రెండోదాని దగ్గరికి వచ్చింది. అప్పటికి బోల్‌గార్డ్-2 ఈ పురుగు వరకూ పేరుకే రెండు టాక్సిన్ల పత్తి, పనిచేసేది ఒకటే.

హైబ్రిడ్ కాయ లోపలి సంగతి

చర్చల్లో ఎక్కువగా రైతు రెఫ్యూజీ వెయ్యలేదు అన్న దగ్గరే ఆగిపోతారు, అది సగం నిజం. మిగతా సగం విత్తనంలోనే ఉంది. వేరే దేశాల్లో బీటీ పత్తి ఎక్కువగా సూటి రకాలు (హైబ్రిడ్ కానివి), వాటిలో బీటీ జీన్ రెండు కాపీలూ ఉంటుంది, ఏ గింజ చూసినా టాక్సిన్ ఉంటుంది. మన దగ్గర దాదాపు అంతా హైబ్రిడే. బీటీ ఉన్న పేరెంట్‌ని లేని పేరెంట్‌తో కలిపితే వచ్చే హైబ్రిడ్ మొక్కకి బీటీ జీన్ ఒక కాపీయే. మొక్క ఆకులో, కాయ తొక్కలో టాక్సిన్ ఉంటుంది, కానీ దాని కాయలోని గింజలు తర్వాతి తరం కదా, అక్కడ మెండెల్ లెక్క మొదలవుతుంది. నాలుగు గింజల్లో ఒకదానికి రెండు వైపుల నుంచీ బీటీ లేని కాపీయే వస్తుంది, అందులో క్రై1ఏసీ ఉండదు. రెండు జీన్లున్న బోల్‌గార్డ్-2లో పదహారింటికి తొమ్మిదిట్లో రెండూ, మూడిట్లో ఇది, మూడిట్లో అది, ఒకదానిలో ఏదీ ఉండదు. ముప్పై గింజల కాయలో ఇంచుమించు రెండు గింజలు అచ్చంగా నాన్ బీటీ.

గులాబీ రంగు పురుగు ఆకు తినే పురుగు అయితే ఇది పెద్ద సమస్య కాదు. కానీ దాని తిండి గింజే, అది కూడా కాయ లోపలే ఒక గింజ నుంచి ఇంకో గింజకి పోతూ తింటుంది. ఒక చోట టాక్సిన్, పక్కన సగం టాక్సిన్, ఇంకో చోట ఏమీ లేదు. ఒంటి కాపీ పురుగులు చావాలంటే మోతాదు ఎక్కువ ఉండాలన్నది మొత్తం లెక్కకి పునాది, ఆ పునాదే ఇక్కడ కదిలిపోయింది, చావాల్సిన ఒంటి కాపీ పురుగుల్లో కొన్ని తప్పించుకుంటాయి.

పంట కాలం సంగతి కూడా చూడాలి. మొక్క ముదిరేకొద్దీ టాక్సిన్ తగ్గుతుంది, హైబ్రిడ్లు నిలిచేది ఆరు నెలల దాకా, నీళ్లుంటే ఫిబ్రవరి మార్చి వరకూ కూడా సాగదీస్తారు. పురుగుకి గుడ్డు నుంచి రెక్కల పురుగు దాకా నెల రోజులు చాలు, చివర్లో అదనంగా దొరికే ప్రతి నెలా ఒక అదనపు తరం, అదీ టాక్సిన్ పలచబడ్డ కాయల మీద.

అరిజోనా, యాంగ్జీ లోయ

అరిజోనాలో బీటీ పత్తి 1996లో వచ్చింది. అక్కడ సూటి రకాలు, రెఫ్యూజీ నిబంధన గట్టిగా అమలు చేశారు, పదేళ్లు రెసిస్టెన్స్ పెరగలేదు. 2006 నుంచి వ్యూహం మార్చి, రెఫ్యూజీ బదులు రేడియేషన్‌తో గొడ్డుబోయిన రెక్కల పురుగుల్ని విమానాల్లోంచి వదిలారు. బతికిన పురుగు జత కట్టినా పిల్లలు పుట్టరు. 2018లో అమెరికా పత్తి ప్రాంతాల్లో గులాబీ రంగు పురుగు లేదని ప్రభుత్వం ప్రకటించింది. మన దగ్గర విస్తీర్ణం, కమతాల సైజు, ఖర్చు చూస్తే ఇది అలాగే దింపుకోదగ్గ పద్ధతేం కాదు.

చైనా కథ ఇంకా ఆసక్తికరం, ఎందుకంటే అక్కడ ఎవరూ ప్లాన్ చేయలేదు. యాంగ్జీ లోయలో బీటీ, నాన్ బీటీ కలిపి హైబ్రిడ్లు చేసి, వాటి రెండో తరం విత్తనాన్ని రైతులకి అమ్మారు. మెండెల్ లెక్కే మళ్లీ, కాకపోతే ఈసారి చేలో నాలుగు మొక్కల్లో ఒకటి నాన్ బీటీ. ప్రతి చేలోనూ ఇరవై ఐదు శాతం రెఫ్యూజీ తనంతట తనే వచ్చేసింది. ఈ విత్తనం విస్తరించిన 2010 తర్వాతి ఏళ్లల్లో అప్పటికే మొదలైన రెసిస్టెన్స్ వెనక్కి తగ్గింది.

మనకి నష్టం చేసిన లెక్క, వాళ్లకి మేలు చేసిన లెక్క ఒకటే, మూడుకి ఒకటి. మన చేలో ఆ కలగాపులగం కాయ లోపల జరిగింది, ఒకే పురుగు రెండు రకాల గింజల్నీ తినగలిగింది. వాళ్ల చేలో అదనంగా మొక్కకీ మొక్కకీ మధ్య కూడా జరిగింది, ఈ పురుగు ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకి పాకేది కాదు కాబట్టి నాన్ బీటీ మొక్క మీది పురుగులు మామూలువిగానే పెరిగి ఎగిరాయి.

శనగపచ్చ పురుగు సంగతి కూడా ఈ కోణంలోంచే చూడాలి. పైరెత్రాయిడ్లని అంత సులువుగా దాటిన పురుగు బీటీ పత్తికి మాత్రం గులాబీ రంగు పురుగంత త్వరగా ఎదురు తిరగలేదు. అది కంది తింటుంది, శనగ తింటుంది, టమాటా తింటుంది, ఊరంతా దానికి రెఫ్యూజీయే, ఎవరూ ప్యాకెట్ ఇవ్వకుండానే.

మరి ఇది కొత్త జాతేనా?

కాదు. రెసిస్టెంట్ పురుగు మామూలు పురుగుతో నిక్షేపంగా జత కడుతుంది, రెఫ్యూజీ లెక్క నడిచేదే అందువల్ల. జాతి చీలాలంటే జీన్లు మారడంతో పాటు రెండు గుంపుల మధ్య జత కట్టడం తగ్గిపోవాలి, కొండో సముద్రమో అడ్డం రావచ్చు, లేదా అలవాట్లు వేరు కావచ్చు.

ఇది జరుగుతుండగా దొరికిన ఉదాహరణ అమెరికాలో యాపిల్ పండ్లని పాడుచేసే రాగోలెటిస్ ఈగ. అది మొదట హాథార్న్ అనే చెట్టు కాయల మీద బతికేది, యాపిల్‌ని యూరప్ నుంచి వచ్చినవాళ్లు తెచ్చారు, 1800ల మధ్యలో కొన్ని ఈగలు యాపిల్‌కి మారాయి. యాపిల్ కొన్ని వారాలు ముందు పండుతుంది, కాబట్టి ముందుగా బయటికి వచ్చే జీన్లున్న ఈగలే అక్కడ నిలిచాయి, అవి జత కట్టేది కూడా పండు మీదే. దాంతో యాపిల్ ఈగలు యాపిల్ ఈగలతో, హాథార్న్ ఈగలు హాథార్న్ వాటితో ఎక్కువగా కలుస్తున్నాయి. పూర్తిగా విడిపోలేదు, విడిపోయే దారిలో ఉన్నాయి.

సెలెక్షన్ ఎప్పుడూ ఒకే వైపు పోతుందనుకోవడం కూడా పొరపాటే. గాలపగోస్‌లోని డాఫ్నే మేజర్ దీవిలో పీటర్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు దశాబ్దాలపాటు ఫించ్ అనే పిట్టల ముక్కులు కొలిచారు. 1977 కరువులో గట్టి గింజలే మిగిలితే పెద్ద ముక్కు పిట్టలు బతికాయి, తర్వాతి తరం సగటు ముక్కు పెరిగింది. 1982-83 ఎల్ నినో వానలకి చిన్న గింజలు విరగకాసిన తర్వాత లెక్క తిరగబడి చిన్న ముక్కులకి మొగ్గు వచ్చింది.

ఇక ముందు

మూడో టాక్సిన్ కలిపితే సరిపోతుంది అనేది తరచూ వినిపించే ఆశ. హైబ్రిడ్ పద్ధతి, ఆరు నెలల పంట, రెఫ్యూజీ లేకపోవడం ఇవన్నీ అలాగే ఉంచి కొత్త టాక్సిన్ తెస్తే, పాత రెండిటినీ దాటిన పురుగుకి అది మళ్లీ ఒంటి టాక్సినే అవుతుంది. నాన్ బీటీ గింజల్ని విడి ప్యాకెట్‌లో కాకుండా బీటీ ప్యాకెట్‌లోనే కలిపి అమ్మడం చైనా అనుభవానికి దగ్గరగా ఉన్న మార్పు, కానీ తట్టుకునే జీన్లు ఇప్పటికే మెజారిటీ అయిన చోట మామూలు పురుగుల పలచన ప్రభావం మునుపటంత ఉండదు.

ఇప్పటికిప్పుడు ఎక్కువ పనిచేసేవి జీన్లతో సంబంధం లేనివి: పంట త్వరగా ముగించడం, పత్తి కట్టెని చేలోనే ఉంచకుండా తీసేయడం, జిన్నింగ్ మిల్లుల దగ్గర లింగాకర్షక బుట్టలు పెట్టడం, మగ పురుగుల్ని తికమక పెట్టే ఫెరమోన్ (ఆడ పురుగు వాసన లాంటి రసాయనం) వాడటం. పురుగు చలికాలం చివర్లో గింజల్లో, ఎండిన కాయల్లో నిద్రావస్థలో ఉండి తర్వాతి సీజన్ పూత కోసం ఆగుతుంది, మధ్యలో కొన్ని నెలలు పత్తి దొరక్కపోతే టాక్సిన్‌ని తట్టుకునేదైనా తట్టుకోనిదైనా తిండి లేక ఒకేలా చస్తుంది. అయితే ఒక్క రైతు డిసెంబర్‌లో పంట తీసేస్తే చాలదు. పక్క చేలో ఫిబ్రవరి దాకా కాయలుంటే అక్కడ పెరిగిన పురుగే తర్వాతి ఏడు ఇటు ఎగిరొస్తుంది, ఊరి మొత్తం ఒకే టైమ్‌లో చేలు ఖాళీ చేయాలి, రెండోసారో మూడోసారో పత్తి ఏరితే వచ్చే డబ్బు వదులుకోమని ఊరందరికీ చెప్పాల్సి వస్తుంది.